'చూడ చూడ'లో ఎన్ని చూపులు?

ప్రశ్న:
కాంపాక్ట్ కెమెరాల ఫొటో నాణ్యతను ఎలా పోల్చాలో ఒక వ్యాసం రాస్తున్నాను. ఒకే దృశ్యాన్ని రెండు కెమెరాలతో తీస్తే ఫోను తెర మీద రెండూ కవలల్లా ఉన్నాయి. కంప్యూటర్లో నూరు శాతానికి పెంచితే ఒకదానిలో గడ్డిపరకలు విడివిడిగా కనిపించాయి, రెండోదానిలో పచ్చని పూత మిగిలింది. వెంటనే వేమన గుర్తొచ్చి 'చూడ చూడ రుచుల జాడ వేరయా' అని శీర్షిక పెట్టాను. చివర 'వేరయా'నా, 'వేరు'నా? 'చూడ చూడ' అంటే మళ్లీ మళ్లీ చూడగా అనేనా?

జవాబు 1:
'వేరు' మాత్రమే. ఈ పద్యం ఆటవెలది ఛందస్సు. దాని రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే, అంటే మూడు మాత్రల చిన్న గణాలే. 'వేరయా' రగణం, అయిదు మాత్రల ఇంద్రగణం, అక్కడ ఇమడదు. మూడో పాదం చివర ఇంద్రగణం కాబట్టి 'పుణ్యపురుషులు వేరయా' కుదిరింది. ఆ తూగు నోటికెక్కి పై పాదంలోకి వచ్చేసింది. చూడ–జాడ ప్రాసయతి (రెండో అక్షరం 'డ' కలవడం) ఎంత ముద్దుగా పడిందో గమనించండి.

జవాబు 2:
గణాల సంగతి సరే, చిక్కంతా అర్థంలో ఉంది. ఆ రెండు 'చూడ'లు ఒకటి కావు. మొదటిది పై పాదానిది: 'ఒక్క పోలిక నుండు చూడ'. రెండోది 'చూడ రుచుల', అంటే రుచి చూడగా. ఉప్పునూ కర్పూరాన్నీ ఎంతసేపు కళ్లతో చూసినా రుచి తెలియదు కదా! మనం వాసన చూస్తాం, నాడి చూస్తాం.

జవాబు 1:
పాదం మొదటి మాటను పైకి లాగితే నడక కుంటుపడుతుంది. 'చూడగా చూడగా' అనే జంటను విడదీయకండి. పరీక్షించే కొద్దీ అన్న భావం అందులోనే ఉంది.

జవాబు 2:
మేడిపండు పద్యం తలచుకోండి. 'మేడిపండు చూడ', ఆపైన 'పొట్ట విప్పి చూడ'. మాట అదే, చూపు మారింది. ఈ పొదుపు వేమనకే చెల్లింది.

జవాబు 3:
ఫొటోలు తీసేవాడిగా నాకూ మేడిపండే గుర్తొస్తుంది. చిన్న కెమెరాల్లో చాలావాటి సెన్సరు (వెలుతురును పట్టే పలక) సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లు. వెలుతురు తగ్గి, కెమెరా సున్నితత్వాన్ని చెప్పే ఐఎస్‌ఓ 800 దాటితే నాయిస్ చుక్కలు లేస్తాయి. కెమెరా వాటిని తుడుస్తూ వెంట్రుకలనూ బట్ట నేతనూ తుడిచేస్తుంది. పైకి మాత్రం నున్నగా, మేలిమిగా ఉంటుంది. 13.2 × 8.8 మిల్లీమీటర్ల సెన్సరుకు వైశాల్యం నాలుగు రెట్లు, అందుకే అది వివరాలను ఎక్కువ నిలబెడుతుంది. నీడలోని ముఖాన్ని పెంచి చూడండి, ఆకాశం ముందున్న కొమ్మల అంచుల్లో ఊదా గీత ఉందేమో వెతకండి. నాకు 'జాడ' అంటే తుడిచినా మిగిలిన ఆనవాలు.

జవాబు 1:
ఇక్కడ 'జాడ' అంటే తీరు. ఆనవాలు కాదు.

జవాబు 3:
అడుగుజాడలో ఉన్న జాడ ఏమిటి మరి? నాలుక మీద రుచి వదిలే గుర్తూ అలాంటిదే.

ప్రశ్న అడిగినవారు:
శీర్షికలో 'వేరు' అని దిద్దాను, కృతజ్ఞతలు. 'చూడ చూడ'కు అర్థం రాయవలసిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

జవాబు 2:
రెండు 'చూడ'ల మధ్య కామా పెట్టండి.

జవాబు 1:
దయచేసి పెట్టకండి.