నిర్వానా తొలి హోమ్ డెమోని ఏఐతో క్లీన్ చేయడం కరెక్టేనా?

గరగర_టేపు:
1985 డిసెంబర్లో, తర్వాత అమెరికన్ రాక్ బ్యాండ్ నిర్వానా సింగర్ అయిన కర్ట్ కోబేన్‌కి పద్దెనిమిదేళ్ళు. సియాటిల్ దగ్గర బ్యూరియెన్‌లో వాళ్ళ మేరీ పిన్ని ఇంట్లో నాలుగు ట్రాకుల టీయాక్ రికార్డర్ మీద డెమో (పాటల నమూనా) క్యాసెట్ చేశాడు, డ్రమ్స్, బేస్ రెండూ మెల్విన్స్ బ్యాండ్ డ్రమ్మర్ డేల్ క్రోవరే వాయించాడు. తర్వాతెప్పుడో లీకైన ఆ ఆడియోని ఇప్పుడెవరో ఏఐలో వేసి హిస్ (టేపు వెనకాల వచ్చే సుయ్యిమనే శబ్దం) మొత్తం లేపేసి నెట్లో పెట్టారు. నాకు అస్సలు నచ్చలేదు.

విశాఖ_బేస్:
ఎందుకు నచ్చదు అన్నా? ఒరిజినల్లో బేస్ ఎక్కడుందో వెతుక్కోవాలి, ఇందులో ప్రతి నోటూ వినబడుతోంది. హిస్ కర్ట్ రాసిన పాట కాదు, క్యాసెట్ లోపం.

రికార్డు_పిచ్చి:
ముందు టైటిల్ మార్చండి. అది కర్ట్ అంతకుముందు బ్యాండ్ ఫీకల్ మేటర్ డెమో, నిర్వానా అప్పటికి లేనేలేదు.

గరగర_టేపు:
హిస్, డ్రమ్స్ సెట్‌లోని లోహపు పళ్ళేల (సింబల్స్) మోత రెండూ ఎక్కువగా పై ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటాయి, ఒకటి లాగితే రెండోదీ ఊడొస్తుంది. క్లీన్‌గా కావాలంటే ఇందులోని డౌనర్ పాటని నిర్వానా వాళ్ళు 1988 జనవరిలో సియాటిల్ ప్రొడ్యూసర్ జాక్ ఎండినో స్టూడియోలో మళ్ళీ చేశారు, డ్రమ్స్ క్రోవరే, అది వినండి.

ఊరికే_వింటా:
తర్వాత నిర్వానా బేసిస్ట్ అయిన క్రిస్ట్ నోవోసెలిచ్ ఆ గరగర టేపు వినే కదా బ్యాండ్ పెడదామన్నాడు.

విశాఖ_బేస్:
అయితే ఏంటి? మీలాంటోళ్ళకి టేపుని పూజగదిలో పెట్టుకోవడమే కావాలి, నేర్చుకునేవాడి గోల పట్టదు. ఒరిజినల్‌ని ఎవరూ చెరిపేయలేదుగా, అదీ ఉంది, ఇదీ ఉంది.

గరగర_టేపు:
పూజగది అనకు తమ్ముడూ. బీటెక్‌లో మాకో బ్యాండ్ ఉండేది, మా సింగర్ ఇంటి మేడ మీద ఫోన్లో మూడు పాటలు రికార్డ్ చేశాం. రెండో పాట మధ్యలో కింద నుంచి వాళ్ళమ్మ "అన్నం చల్లారిపోతోంది రా" అని పిలుస్తుంది, వాడు ఆపకుండా పాడుతూనే "వస్తున్నా" అంటాడు. వాడు పోయాక మాలో ఒకడు ఎవరినీ అడక్కుండా క్లీన్ చేసి నెట్లో పెట్టాడు, ఆవిడ పిలుపు నాయిస్ కింద పోయింది, వాడి "వస్తున్నా" కూడా పోయింది. సంవత్సరికానికి ఆవిడ అదే విన్నది.

విశాఖ_బేస్:
సారీ అన్నా, నాకు తెలీదు. కానీ మీ బాధ హిస్ గురించి కాదు, అడక్కుండా పెట్టినందుకు. అలాగైతే లీకైన ఒరిజినల్ వినడమూ తప్పే కదా? ఆ టేపులోంచి అఫీషియల్‌గా వచ్చింది స్పాంక్ త్రూ పాట ఒక్కటే, అదీ 2005లో, కర్ట్ పోయిన పదకొండేళ్ళకి. మిగతావి మీరూ విన్నారు, నేనూ విన్నాను.

గరగర_టేపు:
విన్నాను, నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ విన్నవాడు ఒక్కడు, మార్చి పదిమందికి పంచినవాడు ఇంకొకడు, ఆ తేడా లేదంటే నేను ఒప్పుకోను. పిలుపున్న ఫైల్ నా పాత ఫోన్లో ఉంది, ఈ ఆదివారం ఆవిడకి తీసుకెళ్ళి వినిపిస్తా.