రోమ్ పన్నెండు ఫలకాల చట్టంతో సామాన్యుడికి ఒరిగిందేమిటి?

చరిత్ర పాఠకుడు:
క్రీ.పూ. 451-450లో రోమ్‌లో చట్టాన్ని తొలిసారి రాతలో, పన్నెండు ఫలకాల మీద, పెట్టారు. అంతకుముందు ఆచారం ఏమిటో పేట్రీషియన్లు, అంటే పెద్దింటివాళ్లు, చెప్పిందే మాట. అందుకే పన్నెండు ఫలకాల చట్టాన్ని ప్లెబియన్ల (సామాన్య పౌరుల) గెలుపు అంటారు. నాకు మాత్రం ఒప్పుకోబుద్ధి కావడం లేదు. మూడో ఫలకం చూడండి. అప్పు ఉందని తేలాక 30 రోజుల గడువు. తీర్చకపోతే అప్పిచ్చినవాడు పట్టుకుపోయి సంకెళ్లు వేయొచ్చు. ఖైదీకి సొంత తిండి లేకపోతే రోజుకో పౌను గోధుమలు పెడితే చాలు. 60 రోజులు అలా ఉంచి, వరసగా మూడు సంతల్లో నిలబెట్టి బాకీ ఎంతో చాటించాలి. అప్పటికీ ఎవరూ విడిపించకపోతే టైబర్ నది అవతల అమ్మేయొచ్చు, చంపనూ వచ్చు. ఇదా గెలుపు?

కోర్టు పక్షి:
అదే ఫలకంలో నాకు గడువులు కనిపిస్తున్నాయండీ. 20వ రోజునే పట్టుకోవడానికొస్తే, "ఇంకా పది రోజులుంది" అని నలుగురిలో నిలదీయొచ్చు. వాయిదా తేదీ కాగితం మీద ఉన్న మనిషికి ఎంత ధైర్యమో నేను రోజూ చూస్తున్నాను.

లాటిన్ అభిమాని:
నిలదీయడానికి మాటలు తెలియాలి కదా! గైయస్ అనే న్యాయవేత్త చెప్పిన కేసు ఒకటుంది. ఒకాయన ద్రాక్ష తీగలు ఎవరో నరికేశారు. ఆయన దావాలో "తీగలు" అన్నాడు. చట్టంలో ఉన్న మాట "చెట్లు". అంతే, కేసు పోయింది. ఆ దావా మాటలు చాలాకాలం పూజారి మండలి గుప్పిట్లోనే ఉన్నాయి. విముక్తుడైన బానిస కొడుకు గ్నేయస్ ఫ్లావియస్ వాటిని బయటపెట్టింది క్రీ.పూ. 304లో. దాదాపు 150 ఏళ్ల తర్వాత!

చరిత్ర పాఠకుడు:
నేననేదీ అదే. అప్పుకి మనిషిని కట్టేసే పద్ధతి మీద వేటు పడింది కూడా క్రీ.పూ. 326లోనే. పైగా ఈ ఫలకాలు ప్లెబియన్లకు, పేట్రీషియన్లకు మధ్య పెళ్లిళ్లే కూడదన్నాయి.

కోర్టు పక్షి:
ఆ పెళ్లి నిషేధం అన్యాయమే, కాదనను. కానీ క్రీ.పూ. 445లో, అంటే ఐదేళ్లకే, ట్రిబ్యూన్ (ప్లెబియన్ల ప్రతినిధి) కనులేయస్ దాన్ని రద్దు చేయించాడు. అది అందరికీ కనబడేలా రాసి ఉంది కాబట్టే ఆ పని కుదిరింది. పెద్దింటివాళ్ల నోట్లో ఉన్న ఆచారాన్ని ఎక్కడ పట్టుకుని రద్దు చేయిస్తాం?