నిరసనకు ముందురోజే గేటు దగ్గర కానిస్టేబుళ్లు: ఇది శాంతిభద్రతల పనేనా?

పెన్‌డౌన్_పద్మ:
మాది కాంట్రాక్టు ఉద్యోగుల యూనియన్. ‘ఛలో కలెక్టరేట్’ పిలుపు ఇచ్చాం. ముందురోజు రాత్రి స్టేషన్ నుంచి ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి ఒక నోటీసు చేతిలో పెట్టారు. అంతా జిరాక్స్ ఫారం. నా పేరు ఒక్కటే పెన్నుతో నింపారు, తండ్రి పేరు గడి ఖాళీ. ‘బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 168 ప్రకారం’ అని ఉంది గానీ నేను చేయబోయే నేరం ఏంటో ఎక్కడా లేదు. సంతకం పెట్టించుకుని పోతారనుకుంటే గేటు దగ్గరే కుర్చీలేసుకున్నారు.

తెల్లారి పాల ప్యాకెట్ కోసం వెళ్తే ఒకాయన వెంటే వచ్చాడు. మర్యాదగానే ఉన్నారు, అబద్ధం చెప్పను. కాకపోతే గంటకోసారి ‘మేడమ్, ఒక్క ఫొటో, గ్రూపులో పెట్టాలి’ అని నన్ను గుమ్మంలో నిలబెట్టి తీసుకున్నారు. నేను ఇంట్లోనే ఉన్నానని పైవాళ్లకు రుజువన్నమాట. మధ్యాహ్నం అక్కడ కార్యక్రమం ముగిసిందని ఫోన్ వచ్చాక లేచి వెళ్లిపోయారు.

లాఠీఛార్జి గురించి అందరూ మాట్లాడతారు. అసలు రోడ్డెక్కకముందే ఇంట్లో కూర్చోబెడితే దాన్ని ఏమనాలి? రెండు రాష్ట్రాల్లోనూ, ఎవరు గద్దెమీదున్నా ఇదే తంతు. దయచేసి పార్టీల పేరుతో కొట్టుకోకుండా చెప్పండి.

బస్సులో_సగం_జీవితం:
పద్మగారూ, మీ బాధ అర్థమైంది. మరి మా బాధ? ఏ జేఏసీ పిలుపిచ్చినా ముందు ఆగేది బస్సే. నిరుడు మా అక్క కూతురు పరీక్షకు రెండు కిలోమీటర్లు పరుగెత్తింది. ఢిల్లీ షాహీన్‌బాగ్ రోడ్డు నిరసన కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది కదా, ప్రజల దారిని నిరవధికంగా ఆక్రమించుకుని కూర్చునే హక్కు ఎవరికీ లేదని. పదిమందిని ఇంట్లో ఆపితే పదివేలమంది టైముకి పనికెళ్తారంటే నాకైతే అందులో పెద్ద తప్పు కనిపించట్లేదు.

రిటైర్డ్_హెచ్‌సీ:
ముప్పై ఏళ్లకు పైగా యూనిఫాం వేసుకుని హెడ్ కానిస్టేబుల్‌గా దిగినవాణ్ణి, నా మాట కూడా వినండి. కుర్చీ వేసుకుని మీ గేటు ముందు కూర్చోవడం ఏ కానిస్టేబుల్‌కీ సరదా కాదమ్మా. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చుంటాడు, టిఫిన్ కూడా చేసుండడు.

2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ఏమైందో ఈ వయసు పిల్లలకు తెలీదు. కరెంటు ఛార్జీల మీద ఊరేగింపు అసెంబ్లీ వైపు వచ్చింది, బారికేడ్ల దగ్గర తోపులాట, చివరికి కాల్పులు, ముగ్గురు పోయారు. తాడు పట్టుకుని గుంపును ఆపే రోప్ పార్టీలో నిలబడ్డవాడికి తెలుస్తుంది, వెనకనుంచి వేలమంది తోస్తుంటే ముందున్నవాడు ఆగుదామన్నా ఆగలేడు. దానికన్నా ఇంటి దగ్గర ఒక పూట కూర్చోబెట్టడం నయం కాదా? ఒక్క దెబ్బ పడలేదు, ఒక్క కేసు లేదు. మీరే మర్యాదగా ఉన్నారన్నారు.

నల్లకోటు:
హెచ్‌సీగారు చెప్పింది మనసుకు తగిలేలా ఉంది గానీ చట్టంలో నిలబడదు. ఒక్కో సెక్షన్ విప్పి చూద్దాం.

168, అంటే పాత సీఆర్‌పీసీ 149. కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండా పోలీసు అరెస్టు చేయగల నేరం, జరగకుండా పోలీసు అడ్డుపడొచ్చు, శాయశక్తులా ఆపాలి అంటుంది. అంతే. మనిషిని ఇంట్లో పెట్టి కాపలా కాయమని అందులో ఒక్క ముక్క లేదు. పట్టుకెళ్లాలంటే 170, పాత 151. దానికి రెండు షరతులు: ఫలానా నేరం చేసే పథకం ఉందని అధికారికి తెలిసుండాలి, అరెస్టు తప్ప దాన్ని ఆపే దారి వేరే ఉండకూడదు. అలా పట్టుకున్నా, వేరే చట్టం కింద అవసరమైతే తప్ప, 24 గంటలు దాటకూడదు. 2011లో రాజేందర్ సింగ్ పఠానియా కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట చేర్చింది. ఆ షరతులు లేకుండా అరెస్టు చేస్తే రాజ్యాంగం 21, 22 అధికరణాల (వ్యక్తి స్వేచ్ఛ, అరెస్టయినవాళ్ల హక్కులు) ఉల్లంఘన కింద ఆ అధికారే జవాబు చెప్పుకోవాల్సి వస్తుందని.

ఇప్పుడు గమనించండి. 170 వాడితే అరెస్టు అని రాయాలి, కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలపాలి, టైము నమోదు చేయాలి. 168 ఫారం ఇచ్చి గేటు దగ్గర కూర్చుంటే ఇవేవీ అక్కర్లేదు. కాగితం మీద మీరు స్వేచ్ఛగా ఉన్నట్టే. ‘హౌస్ అరెస్ట్’ అని టీవీలో స్క్రోలింగ్ వస్తుంది, స్టేషన్ రికార్డులో మాత్రం అరెస్టే ఉండదు. పద్ధతిగా అరెస్టు చేసినదానికన్నా ఇదే ప్రమాదమని నేనంటాను. అరెస్టయితే కనీసం సవాలు చేయడానికి ఒక కాగితం ఉంటుంది.

రిటైర్డ్_హెచ్‌సీ:
వకీలుగారూ, సగమే చెప్పారు. 163 అమల్లో ఉన్నప్పుడు, అంటే గుంపులు కూడొద్దనే ఉత్తర్వు, మీ భాషలో పాత 144, గుంపుగా వస్తే బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 223 కింద నేరం. అది కాగ్నిజబులే. అప్పుడు 168 కింద ఆపడం తప్పెలా అవుతుంది?

నల్లకోటు:
మంచి పాయింటు. అయితే అప్పుడు ప్రశ్న ఆ 163 ఉత్తర్వు దగ్గరికి వెళ్తుంది. 2020 జనవరిలో అనూరాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చూడండి. న్యాయమైన అభిప్రాయ ప్రకటనను అణచడానికి 144ను వాడకూడదు, ఒకదాని తర్వాత ఒకటిగా జారీ చేయడం అధికార దుర్వినియోగం, ఏ పరిస్థితుల వల్ల ఇస్తున్నారో ఉత్తర్వులో కనిపించాలి అని. మన దగ్గర ‘సెక్షన్ 30 అమల్లో ఉంది’ అని డివిజన్ మొత్తానికి నెలల తరబడి ప్రకటనలు ఇస్తుంటారు. అది 1861 నాటి పోలీసు చట్టం. ఊరేగింపు ఏ దారిన, ఏ టైములో వెళ్లాలో నిర్దేశించడానికి, లైసెన్సు అడగడానికి పెట్టిన సెక్షన్, మొత్తంగా వద్దనడానికి కాదు. 2023 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ జీవో 1 వచ్చింది, కందుకూరు తొక్కిసలాటలో ఎనిమిదిమంది పోయాక. కారణం నిజమైనదే. అయినా రోడ్ల మీద సభలకు దాదాపు తలుపులు మూసేశారని హైకోర్టు ఆ మేలో దాన్ని కొట్టేసింది.

బస్సులోగారికి: ఆ షాహీన్‌బాగ్ తీర్పే శాంతియుత నిరసన హక్కును గుర్తించింది కూడా. నిర్ణీత స్థలాల్లో చేసుకోమంది. ఇంట్లో చేసుకోమనలేదు.

బస్సులో_సగం_జీవితం:
నేనూ అదే అంటున్నా సార్. స్థలం ఇవ్వండి, అక్కడ చేసుకోండి, రోడ్డు వదిలేయండి.

ఇందిరాపార్కు_పాతకాపు:
స్థలం ఇచ్చిన కథ నేను చెప్తా. హైదరాబాద్‌లో ఇందిరాపార్కు దగ్గర ధర్నా చౌక్ ఉండేది. ఎవరికీ పెద్దగా అడ్డం లేని చోటు. టెంటు వేసేవాళ్లు, మైకు అద్దెకిచ్చేవాళ్లు, చాయ్ బండ్లు, అన్నీ అక్కడే. అంగన్‌వాడీలు, వీఆర్ఏలు, విద్యార్థులు, అందరూ ఏదో ఒక రోజు ఆ ఫుట్‌పాత్ మీద కూర్చున్నవాళ్లే. 2017లో ట్రాఫిక్, స్థానికుల ఇబ్బంది అని దాన్ని ఎత్తేసి ఊరి శివార్లకు పొమ్మన్నారు. శివార్లలో ఎవరికి వినిపిస్తుందయ్యా? ‘ఆక్యుపై ధర్నా చౌక్’ అని జనం వస్తే మే 15న అక్కడ పెద్ద రభస. 2018లో హైకోర్టు కలగజేసుకుంటే గానీ మళ్లీ తెరుచుకోలేదు. కొసమెరుపు ఏంటంటే 2021 నవంబరులో వడ్ల కొనుగోలు మీద కేంద్రాన్ని నిలదీస్తూ అప్పటి ముఖ్యమంత్రి కేసీఆరే మంత్రులతో సహా వచ్చి అక్కడే ధర్నాకు కూర్చున్నారు! ఆ రోజు ట్రాఫిక్ గుర్తొచ్చిందో లేదో మరి.

తమ్ముడు_ఫైనలియర్:
హెచ్‌సీ అంకుల్, ముందే ఆపితే గొడవ ఉండదు అన్నారు కదా. 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమంలో జరిగిన మిలియన్ మార్చ్ సంగతి? ముందు రోజుల్లో ఎక్కడికక్కడ వేలమందిని పట్టుకున్నారు. అయినా ట్యాంక్‌బండ్ మీదికి జనం వచ్చారు, విగ్రహాలు పగిలాయి. 2022 ఫిబ్రవరి 3న ఉద్యోగుల ‘ఛలో విజయవాడ’కీ నోటీసులు, చెక్‌పోస్టులు, బస్సుల తనిఖీలు అన్నీ అయ్యాయి. బీఆర్‌టీఎస్ రోడ్డు నిండిపోయింది. మా మావయ్య టీచరు, పెళ్లికి పోతున్నానని చెప్పి పట్టుచొక్కా వేసుకుని వెళ్లాడు 😄 వచ్చేవాడు ఎలాగూ వస్తున్నాడు, ఆగిపోయేది పేరున్న నాయకుడొక్కడే.

పెన్‌డౌన్_పద్మ:
తమ్ముడూ, అసలు విషయం పట్టుకున్నావు. మా సభకు వలంటీర్లను పెట్టేది నేను. ఎవరు ఎక్కడ నిలబడాలి, అంబులెన్సు వస్తే దారి ఎవరు తీయాలి, తాగొచ్చినవాణ్ణి ఎవరు పక్కకు తీసుకెళ్లాలి, సీఐగారితో మాట్లాడేది ఎవరు, అన్నీ నా డైరీలో ఉన్నాయి. ఆ రోజు డైరీ నాతోపాటే ఇంట్లో ఉంది. గుంపును ఆపగలిగే నలుగురిని లోపల పెట్టి, తర్వాత గుంపు అదుపు తప్పిందంటే ఎలా?

రిటైర్డ్_హెచ్‌సీ:
మిలియన్ మార్చ్ రోజు పట్టుకోకపోతే ఇంకెంత జరిగేదో ఎవరు చెప్పగలరు? అలా లెక్క కట్టలేం. కానీ పద్మమ్మ అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు.

సరే, లోపలి సంగతి చెప్తాను. పైనుంచి ఫోన్ వస్తుంది, ‘మీ లిమిట్స్ నుంచి ఒక్కడు కూడా రాకూడదు’ అని. కాగితం ఉండదు, నోటిమాటే. రేపు కలెక్టరేట్ అద్దం ఒక్కటి పగిలితే ఎస్సైకి మెమో వస్తుంది, పోస్టింగ్ లేకుండా వీఆర్‌కు పంపినా పంపుతారు. నలభైమందిని ఊరికే కూర్చోబెట్టినందుకు మెమో వచ్చినవాణ్ణి నా సర్వీసులో చూడలేదు. ఆ ఎస్సై స్థానంలో మీరున్నా లిస్టులో ఇంకో ఇద్దరిని కలుపుతారు, అనుమానం ఉన్నా లేకపోయినా. తగ్గిస్తే ముప్పు, పెంచితే ఏమీ కాదు. డీసీఎం వ్యానులో ఎక్కించి ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టి పులిహోర పెట్టి సాయంత్రం పంపిస్తాం. మావాళ్లలో చాలామందికి అది అరెస్టని కూడా అనిపించదు.

నల్లకోటు:
ఈ చర్చలో వచ్చిన అన్నింటికన్నా విలువైన పోస్టు ఇది, సెక్షన్లు చెప్పిన నా పోస్టుతో కలిపి. పఠానియా తీర్పు ఉన్నా మార్పు రాకపోవడానికి కారణం ఇదే. ఒక పూట నిర్బంధం మీద హైకోర్టుకు వెళ్లి రెండేళ్లు తిరిగే ఓపిక కార్యకర్తకు ఉండదు, మనిషిని వదిలేశాక హేబియస్ కార్పస్‌లో (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే పిటిషన్) మిగిలేదీ ఉండదు. అందుకే తప్పుగా ఆపినదానికి ధర పడట్లేదు. ఢిల్లీ రామ్‌లీలా మైదానం కేసులో ధర పడింది. 2011 జూన్‌లో అర్ధరాత్రి నిద్రపోతున్న జనం మీదికి పోలీసులు వెళ్లినందుకు 2012 తీర్పులో పరిహారం కట్టమన్నారు. అదే తీర్పులో నిర్వాహకుల ట్రస్టు నిర్లక్ష్యాన్ని కూడా లెక్కలోకి తీసుకుని పాతిక శాతం వాటా వేశారు, అది కూడా న్యాయమే. కానీ ఆ కేసు కోర్టు తనంతట తాను తీసుకున్నది, పైగా దేశమంతా చూసింది. పద్మగారి గేటును ఎవరు చూస్తారు?

బస్సులో_సగం_జీవితం:
ఒకటి మాత్రం ఒప్పుకోను. మీ నాయకులు అంత క్రమశిక్షణగా నడిపితే ప్రతిసారీ మా బస్సు ఎందుకు ఆగుతోంది? దరఖాస్తులో వెయ్యిమంది అని రాసి పదివేలమందిని తెచ్చేది మీరే. పోలీసు నమ్మకపోవడంలో మీ చేతి వాటా కూడా ఉంది. అయినా ఫొటో తీసి గ్రూపులో పెట్టడం మాత్రం దారుణం, ఆడమనిషిని మరీనూ.

పెన్‌డౌన్_పద్మ:
సంఖ్య దాచే సంఘాలు ఉన్నాయి, కాదనను. మేం దరఖాస్తు వారం ముందే ఇచ్చాం, ఐదొందలమంది అని రాసి. ‘అనుమతి లేదు’ అన్న జవాబు ముందురోజు సాయంత్రం వాట్సాప్‌లో వచ్చింది, కారణం ‘శాంతిభద్రతల దృష్ట్యా’. కోర్టుకు వెళ్లే టైము మిగలకుండా ఇవ్వడం కూడా ఒక పద్ధతే అయిపోయింది. వకీలుగారూ, ఇప్పుడు నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

నల్లకోటు:
ఉంది. ఆ నోటీసు, వాట్సాప్ జవాబు, వాళ్లు వచ్చిన టైము, వెళ్లిన టైము రాసి పెట్టుకోండి. గేటు దగ్గర కుర్చీల ఫొటో ఉంటే మరీ మంచిది. ఎస్పీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి, మానవ హక్కుల కమిషన్‌కు ఒక కాపీ. ఆర్టీఐ కింద ఆ రోజు స్టేషన్ జనరల్ డైరీలో మీ పేరు మీద ఉన్న ఎంట్రీ అడగండి. 8(1)(హెచ్) చూపించి దర్యాప్తుకు ఆటంకం అని తిప్పి పంపుతారు, అప్పీలుకు వెళ్లండి. కేసే లేనప్పుడు దర్యాప్తు ఎక్కడిదని అడగండి. వచ్చేసారి దరఖాస్తు ఇంకా ముందే ఇచ్చి, మూడు రోజుల్లో జవాబు రాకపోతే హైకోర్టులో రిట్ వేసేలా ముసాయిదా సిద్ధంగా పెట్టుకోండి. దారి, టైము, వలంటీర్ల పేర్లు అన్నీ దరఖాస్తులోనే రాయండి. అన్నీ రాసిచ్చినదాన్ని ఊరికే కాదనడం కష్టం. షరతులతో అనుమతి ఇవ్వమని కోర్టులు చెప్పిన సందర్భాలు చాలానే ఉన్నాయి.

రిటైర్డ్_హెచ్‌సీ:
జీడీలో ఎంట్రీ ఉండదు సార్, నేను చెప్తున్నాగా. బందోబస్తుకు పంపినట్టు మాత్రమే ఉంటుంది.

నల్లకోటు:
అదే రాతపూర్వకంగా కావాలి హెచ్‌సీగారూ. పద్మగారూ, అప్లికేషన్ ముసాయిదా మెసేజ్‌లో పంపిస్తాను.