2000లో నాప్‌స్టర్ మీద మెటాలికా కేసు: తప్పా, ఒప్పా?

పాతక్యాసెట్:
నిన్న ఒక కుర్రాడు "లార్స్ ఉల్‌రిక్ అంటే తన అభిమానుల మీదే కేసు వేసిన డ్రమ్మర్" అని రాశాడు. కింద అందరూ చప్పట్లు. పాతికేళ్ళు దాటినా ఈ మాట చావదేం?

కొత్తవాళ్ళ కోసం కథ క్లుప్తంగా. మెటాలికా అమెరికాలో హెవీ మెటల్ సంగీతం వాయించే బ్యాండ్, లార్స్ దాని డ్రమ్మర్. షాన్ ఫానింగ్ అనే కాలేజీ కుర్రాడు 1999 జూన్‌లో నాప్‌స్టర్ అనే ఇంటర్నెట్ సర్వీసు మొదలుపెట్టాడు. మీ కంప్యూటర్లో ఉన్న ఎంపీ3 పాట నేను, నా దగ్గరున్నది మీరు ఉచితంగా దించుకోవచ్చు. మరుసటి ఏడాది మెటాలికా 'మిషన్ ఇంపాసిబుల్ 2' సినిమా కోసం 'ఐ డిసప్పియర్' పాట చేస్తోంది. ఇంకా పూర్తికాని ఆ పాట అమెరికా రేడియోల్లో వచ్చేస్తోంది! ఎక్కడిదని కూపీ లాగితే నాప్‌స్టర్ దగ్గర తేలింది. 2000 ఏప్రిల్ 13న కేసు వేశారు. ప్రతివాదులు నాప్‌స్టర్, మూడు యూనివర్సిటీలు. అభిమాని ఒక్కడూ లేడు. నా లెక్కలో మెటాలికాదే న్యాయం. ఉడకని అన్నం ఎవడో ఎత్తుకెళ్ళి ఊరంతా వడ్డిస్తే వండినవాడు ఊరుకోవాలా?

హాస్టల్_ల్యాన్:
అన్నా, మీరు సగం కథే చెప్పారు. అసలు మెటాలికాకు పేరెలా వచ్చింది? 1982లో చేసిన 'నో లైఫ్ టిల్ లెదర్' డెమో క్యాసెట్‌ను కుర్రాళ్ళు కాపీలు తీసి, పోస్టులో ఒకరికొకరు పంపుకుంటే కదా! రేడియో వేయలేదు, టీవీ చూపించలేదు. కాపీ క్యాసెట్టే వాళ్ళను మోసింది. 2000 నాటికి కోట్లు వచ్చాక అదే పని నేరమైంది. ఏరు దాటి తెప్ప తగలేయడం అంటే ఇదే.

ఇక మన సంగతి. మా ఊళ్ళో ఒరిజినల్ క్యాసెట్ అడిగితే షాపువాడు "మెటల్ సామాను పక్క వీధిలో" అనేవాడు. నిజంగానే! మాకు దొరికింది ఒక్కటే, వాళ్ళ ఏడు ఆల్బమ్‌లూ ఎక్కించిన ఎంపీ3 సీడీ. అది లేకపోతే ఈ చర్చలో నేనే లేను.

డబుల్‌బాస్_బెజవాడ:
షాపువాడి మాటకు నవ్వి నవ్వి చచ్చాను. కానీ తమ్ముడూ, క్యాసెట్‌ను నాప్‌స్టర్‌తో పోల్చకు. నేను డబుల్ డెక్ (రెండు క్యాసెట్లు పట్టే టేప్‌రికార్డర్) మీద కాపీలు తీసినవాణ్ణి. అరవై నిమిషాల క్యాసెట్‌కు అరవై నిమిషాలు కాపలా కూర్చోవాలి. కాపీకి కాపీ తీస్తూ పోతే ఐదోదాంట్లో గిటార్ కంటే బుస ఎక్కువ. నచ్చితే ఒరిజినల్ కొనక తప్పేది కాదు. ఎంపీ3కి ఆ అరుగుదల లేదు, లక్షో కాపీ కూడా మొదటిదానిలాగే ఉంటుంది.

ఇంకోటి, ఆ డెమో వాళ్ళే చేతులారా పంచుకున్నది. షోలకు వచ్చి రికార్డు చేసుకునేవాళ్ళనూ వాళ్ళు ఆపేవాళ్ళు కాదు. 'ఐ డిసప్పియర్' అలా ఇచ్చింది కాదు. అడిగి తీసుకోవడం వేరు, గోడ దూకడం వేరు.

స్లోమోడెమ్:
అప్పుడు నేను అమెరికాలో ఎం.ఎస్. చేస్తున్నాను. కేసు గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, మా ఒళ్ళు మండింది అట్టపెట్టెల వల్ల.

2000 మే 3న లార్స్ స్వయంగా శాన్ మాటియోలోని నాప్‌స్టర్ ఆఫీసుకు వెళ్ళాడు. వెంట 13 పెట్టెలు. వాటినిండా కాగితాలు, వాటి మీద మెటాలికా పాటలు పంచుతున్న 335,435 మంది యూజర్ల పేర్లు. నెట్‌పీడీ అనే కంపెనీ ఒక్క వారాంతంలో కూర్చుని ఏరిన లిస్టు అది. వీళ్ళందరినీ తీసేయండి అన్నారు, నాప్‌స్టర్ మూడు లక్షల పైచిలుకు మందిని తీసేసింది. లిస్టు ఒక డిస్కులో పెట్టి పంపొచ్చు కదా? పెట్టెలు మోయించుకుని కెమెరాల ముందు దిగడం ఎందుకు? కోర్టులో అభిమాని లేడు, నిజమే. ఆ పెట్టెల్లో ఉన్నది మాత్రం అభిమానులే.

నా పేరు అందులో లేదు. ఆ శని ఆదివారాలు ప్రాజెక్టు టెన్షన్‌లో ల్యాబ్‌లో ఉన్నాను, తప్పించుకున్నాను.

రిఫ్_రాజా:
కోట్లున్నవాడు పాటకింత అని లెక్కలు కట్టడమేంటి, సిగ్గుండాలి.

డబుల్‌బాస్_బెజవాడ:
రాజా గారూ, నాప్‌స్టర్ ఏమైనా ధర్మసత్రమా? అదే 2000 మేలో ఇన్వెస్టర్ల నుంచి కోటిన్నర డాలర్లు తీసుకుంది. లింప్ బిజ్‌కిట్ అనే బ్యాండ్ ఉచిత టూరుకు డబ్బు పెట్టింది కూడా వాళ్ళే. సరుకు మనది కాదు, కొట్టు మాత్రం మనది. ఆ వ్యాపారం ఎవరైనా చేస్తారు.

హాస్టల్_ల్యాన్:
దానికి నేనూ ఒప్పుకుంటాను. కానీ నాప్‌స్టర్‌ను మూయించింది మెటాలికా కాదు కదా! పెద్ద రికార్డు కంపెనీలన్నీ కలిసి 1999 డిసెంబరులోనే కేసు వేశాయి. 2001 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు తీర్పు వాళ్ళ వైపు వచ్చింది, జూలైకి సర్వీసు ఆగిపోయింది. మెటాలికా అదే నెలలో రాజీ చేసుకుంది. ఆ కంపెనీలకు ముఖం లేదు, లార్స్‌కు ఉంది. అందుకే తిట్లన్నీ ఆయన ఖాతాలో పడ్డాయి. 2000 సెప్టెంబరులో ఎంటీవీ అవార్డుల వేదిక మీదకు షాన్ ఫానింగ్ మెటాలికా టీషర్టు వేసుకుని వచ్చాడు, లార్స్ అక్కడే ప్రేక్షకుల్లో ఉన్నాడు. ఆ కుర్రాడి కొంటెతనం మాత్రం నాకు భలే నచ్చింది.

పాతక్యాసెట్:
టీషర్టు సంగతి నేను మర్చిపోయాను. సరే, స్లోమోడెమ్ గారి మాట ఒప్పుకుంటున్నాను. కేసు సబబే, పెట్టెల ఊరేగింపు అనవసరం. ఆటోగ్రాఫ్ అడిగే వయసు పిల్లల పేర్లు అచ్చేసి తెచ్చారు.

ఇంకో విచిత్రం చూడండి. 2012 డిసెంబరులో మెటాలికా పాటలు నెట్‌లో పాటలు వినిపించే స్పాటిఫైలోకి వచ్చినప్పుడు లార్స్ పక్కన వేదిక మీద నిలబడింది షాన్ పార్కర్, నాప్‌స్టర్ పెట్టినవాళ్ళలో ఒకడు!

రిఫ్_రాజా:
చూశారా, చివరికి డబ్బే.

డబుల్‌బాస్_బెజవాడ:
కాదండీ, ఈసారి అడిగి తీసుకున్నారు. నేను మొదటి నుంచీ చెబుతున్నది అదేగా.

స్లోమోడెమ్:
నాప్‌స్టర్‌లో దించుకున్నవి ఎన్నో నాకే లెక్క లేదు. 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్ షోకు మాత్రం టికెట్ కొన్నాను, రెండు టీషర్టులు కూడా. బాకీ ఇంకా మిగిలి ఉందంటే మీరే చెప్పండి.

హాస్టల్_ల్యాన్:
ఆ షోకు మేమూ వచ్చాం అన్నా, రాత్రి బస్సులో, తొమ్మిది మందిమి! మీరు ఏ వైపు నిలబడ్డారు?