నేను ఊళ్లో లేని రోజున కూడా కుట్టు క్లాసు ఆగకూడదంటే పాఠాలు ఎలా పేర్చుకోవాలి?

ప్రశ్న (టైలరింగ్ టీచర్, కందుకూరు)

అందరికీ నమస్కారం. ఇంటి వరండాలో మిషన్లు వేసుకుని టైలరింగ్ నేర్పుతున్నాను. మూడు నెలల కోర్సు. మా అత్తగారికి డయాలసిస్ మొదలైంది. రోజు విడిచి రోజు ఒంగోలు తీసుకెళ్లాలి. డయాలసిస్‌కే నాలుగు గంటలు పడుతుంది. రాకపోకలు, ఆమె తేరుకునే దాకా ఆగడం కలిపితే ఆ రోజంతా అక్కడే గడిచిపోతుంది. ఇది నెలా రెండు నెలల్లో తీరే పని కాదు.

క్లాసు మూసేయమని ఇంట్లో అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. నేర్చుకునేవాళ్లలో చాలామంది పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్లేవాళ్లు. పని దొరికిన రోజు నాగా పెడతారు, లేని రోజు వస్తారు. అందుకే ఒకే బ్యాచిలో ఒకామె దారం లేని సూదితో రూళ్ల కాగితం మీద గీతలు కుడుతుంటే, పక్కనామె ఆరు ముక్కల లంగాలో ఉంటుంది, ఇంకొకామె నాలుగు డాట్ల (ఒంటికి అమరేలా బట్టను మడిచి వేసే కుట్లు) జాకెట్‌కు వచ్చి ఉంటుంది. నేను ఉన్న రోజు అందరి దగ్గరకూ తిరుగుతాను. లేని రోజు మిషన్లు తెరిచే ఉంటాయి గానీ పని నడవదు. "అక్కా, ఇది సరిగ్గా వచ్చిందా?" అని అడగడానికి మనిషి లేక, కుట్టింది పక్కన పెట్టుకుని కూర్చుంటున్నారు.

నేను లేని రోజుకు ఏ పని వదలాలి? బాగా వచ్చినవాళ్లకు క్లాసు అప్పగించవచ్చా? ఇలా నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు 1 (విశ్రాంత ఉపాధ్యాయుడు, ఉదయగిరి)

అమ్మా, నేను ఉద్యోగంలో ఎక్కువ కాలం ఏకోపాధ్యాయ పాఠశాలల్లోనే పనిచేశాను. అయిదు తరగతులు, ఒక్కరే టీచరు. నేను బడిలో ఉన్నా, నాలుగు తరగతులకు లేనట్లే లెక్క. మీ కష్టం అలాంటిదే.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ విద్యాసంస్థ వాళ్లు పల్లె బడుల కోసం ఒక పద్ధతి తయారు చేశారు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, వాటి వరుసను నిచ్చెన మెట్లలా గీసి గోడకు పెడతారు. ఒక్కో అంశానికి పరిచయం, సాధన, పరీక్ష, రానివాళ్లకు మళ్లీ సాధన, వచ్చినవాళ్లకు అదనపు పని ఉంటాయి. పది రోజులు బడి మానిన పిల్లవాడు తిరిగి వచ్చి, తాను ఆగిన మెట్టు చూసుకుని అక్కడి నుంచే మొదలుపెడతాడు. మీ పొగాకు పనివాళ్లకు కావలసింది ఇదే.

అందులో నాకు అన్నిటికంటే నచ్చింది కూర్చోబెట్టే తీరు. టీచరు దగ్గర ఒక గుంపు, టీచరు సాయం కొంత చాలేవాళ్లది ఒక గుంపు, తోటి పిల్లల సాయంతో చేసేవాళ్లది ఒకటి, సొంతంగా చేసుకునేవాళ్లది ఒకటి. ఏ కార్డు ఏ గుంపుదో ముందే నిర్ణయమై ఉంటుంది. మీరు కూడా ముందు మీ కోర్సులోని పనులను ఇలా నాలుగు రకాలుగా విడదీయండి. చివరి రెండు రకాలూ ఒంగోలు రోజులకు.

తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెప్పడం మనకు కొత్తేమీ కాదు. 1823లో బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ మన వీధి బడుల గురించి నివేదిక రాస్తూ, ముందున్న పిల్లలు వెనుకవాళ్లకు నేర్పే ఈ ఏర్పాటును మెచ్చుకున్నాడు. అంతకు ముందే ఆండ్రూ బెల్ అనే క్రైస్తవ మతగురువు మద్రాసులో ఇలాంటిది నడిపి ఇంగ్లండుకు తీసుకెళ్లాడు. అక్కడ దానికి మద్రాసు పద్ధతి అనే పేరు వచ్చింది. అయితే అది రానురాను వల్లె వేయించడంగా దిగజారిందనే విమర్శ ఉంది. అందుకని పెద్ద పిల్లకు అప్పగించేటప్పుడు సాధన చేయించే పని ఇవ్వండి, మంచిచెడులు తేల్చే పని మీ దగ్గరే ఉంచుకోండి.

ఒక్కో మిషన్ దగ్గర ఒక మార్కాపురం పలక వేలాడదీయండి. ముందు రోజు సాయంత్రం ఎవరి పలక మీద వారి పని రాసి వెళ్లండి.

జవాబు 2 (కాలేజీ లెక్చరర్, కావలి)

మాస్టారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. అమెరికాలో ఫ్రెడ్ కెల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో ఒక పద్ధతిని వివరిస్తూ రాశాడు. కోర్సును చిన్న యూనిట్లు చేస్తారు. ఒక యూనిట్ పూర్తిగా వచ్చేదాకా తర్వాతది ఇవ్వరు. పరీక్ష తప్పినా శిక్ష లేదు, మళ్లీ రాయవచ్చు. దిద్దడానికి ఆ కోర్సు ముందే పూర్తిచేసిన విద్యార్థులుంటారు. దాని లోపం ఏమిటంటే, ఎవరి వేగం వారిదే అనేసరికి చాలామంది వాయిదా వేసుకుంటూ పోతారు. కాబట్టి ఫలానా తేదీకల్లా లంగా పూర్తి కావాలి అని ఒక గడువు మాత్రం పెట్టండి. మధ్యలో ఎన్ని రోజులు వచ్చారన్నది వాళ్ల ఇష్టానికి వదలండి.

జవాబు 3 (లేడీస్ టైలర్, ఒంగోలు)

చెల్లీ, పెద్దలు చెప్పినవి మంచి మాటలే. మన పనిలో ఇంకొకటి చూసుకోవాలి. కుట్టు తప్పితే విప్పి మళ్లీ వేసుకోవచ్చు. కత్తెర తప్పితే బట్ట పోతుంది, అది కూడా వాళ్లు కొనుక్కున్న బట్ట. అందుకే నువ్వు లేని రోజు బట్ట మీద కత్తెర పెట్టనివ్వకు. కాగితం మీద ఎంతైనా కోసుకోనీ. నువ్వున్న రోజు కటింగ్ చూసి, ముక్కలు జత కుదిరేలా అంచున గాట్లు పెట్టించి, వాటిని కట్టగట్టి ఇస్తే మర్నాడు కుట్టుకుంటారు.

సరిగ్గా వచ్చిందా అనే ప్రశ్నకు జవాబు గోడ మీద ఉండాలి. మంచి నమూనా ఒక్కటే పెడితే చాలదు, పక్కనే తప్పు నమూనా కూడా పెట్టు. చేతి ముక్కకు ముందు వైపు లోతు ఎక్కువ ఉంటుంది కదా, అది వెనక్కి తిప్పి వేస్తే చంక దగ్గర ముడత పడుతుంది. అలా ముడత పడిన చేయి ఒకటి కావాలనే కుట్టి వేలాడదీయి, కింద కారణం రాయి. ఇంకో గుడ్డ ముక్క మీద అడుగున దారం ఉండలు కట్టిన కుట్టు ఉంచి, పైదారం ఎక్కించింది సరిచూసుకోమని రాయి. సగం మంది నిన్ను పిలిచేది ఈ రెండింటికే.

ప్రశ్న అడిగినవారు

మాస్టారూ, లెక్చరర్ గారూ, అక్కా, చాలా సంతోషం. నేను ఇన్నాళ్లూ సోమవారం ఏమి చెప్పాలి, మంగళవారం ఏమి చెప్పాలి అనే ఆలోచిస్తున్నాను. నా కన్ను పడవలసిన పని ఏది, నమూనా పక్కన పెట్టి వాళ్లే తేల్చుకోగల పని ఏది అని విడదీయాలన్నమాట.

ఈ రాత్రే కూర్చుని రాశాను. కొలతలు తీయడం, బట్ట కటింగ్, జాకెట్ వేసి చూడటం నేనున్న రోజుకు. కాగితం కటింగ్, లంగా ముక్కలు జతచేయడం, కాజాలు, హుక్కులు, చేతి కుట్టు లేని రోజుకు. లైనింగ్ బట్ట తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి సిద్ధం చేసుకోవడం కూడా అటువైపే వేశాను. లంగా, జాకెట్ రెండూ పూర్తిచేసిన అమ్మాయి ఒకతె ఉంది. నేను లేని రోజులకు ఆమెకు కూలి కట్టి ఇస్తాను, ఊరికే చేయించుకోను. ఆమె కూడా పొగాకు పనికి వెళ్లే పిల్లే.

అక్కా, డాట్లు మాత్రం ఎటు వేయాలో తేలలేదు. గుర్తులు నేనే పెట్టిస్తే కుట్టు వాళ్లకు వదిలేయవచ్చా, లేక మొదటి జాకెట్ వరకైనా నేను దగ్గర ఉండాలా?

జవాబు 3 (లేడీస్ టైలర్, ఒంగోలు)

మొదటి జాకెట్‌కు ఉండు. డాటు కొన దగ్గర కుట్టును సన్నగా ముగించడం కళ్లతో చూస్తేనే వస్తుంది, లేకపోతే కొన పొడుచుకొచ్చినట్లు కనిపిస్తుంది. రెండో జాకెట్ నుంచి వదిలెయ్యి.