రెండు క్యామ్ చిప్‌లలోనూ మ్యాచ్ వస్తే అడ్రస్ ఇచ్చేది ఏది?

పాతబోర్డు: రిపేరుకు ఒక పాత ఈథర్నెట్ బ్రిడ్జ్ (నెట్‌వర్క్‌లను కలిపే పెట్టె) వచ్చింది. అందులో ఎంయూ9సీ1480 అనే క్యామ్ (డేటా ఇస్తే అది ఏ అడ్రస్‌లో ఉందో చెప్పే మెమరీ) చిప్‌లు నాలుగు వరసగా ఉన్నాయి. ఒక్కోదానిలో 64 బిట్ల ఎంట్రీలు 1024. డేటా బస్ నాలుగింటికీ ఒకటే. ఒకే మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) రెండు చిప్‌లలో ఉంటే రెండూ ఒకేసారి బస్ మీదకొచ్చి కొట్టుకోవా? ఇంకోటి, ఈ బోర్డు ఏ అడ్రస్ వెతికినా మ్యాచ్ ఉందనే అంటోంది.

గేట్లగోపి: కొట్టుకోవు అన్నా. వెతికే పదం నాలుగు చిప్‌లకూ ఒకేసారి చేరుతుంది, ప్రతి చిప్పూ తన వరసలన్నిటినీ ఒక్క దెబ్బకు పోలుస్తుంది. ఒకే చిప్‌లో చాలా మ్యాచ్‌లు వస్తే లోపలి ప్రయారిటీ ఎన్‌కోడర్ అన్నిటికన్నా చిన్న అడ్రస్‌ను తీసుకుంటుంది. చిప్‌ల మధ్య ఆ పని ఎంఐ (మ్యాచ్ ఇన్‌పుట్), ఎంఎఫ్ (మ్యాచ్ ఫ్లాగ్) పిన్నులది. మొదటి చిప్ ఎంఎఫ్ రెండోదాని ఎంఐకి, దాని ఎంఎఫ్ మూడోదానికి, అలా గొలుసు. పైన మ్యాచ్ దొరికితే ఎంఎఫ్ ‘లో’ (తక్కువ వోల్టేజీ) అవుతుంది. అది చూసిన కింది చిప్, తనకు మ్యాచ్ ఉన్నా బస్ జోలికి పోదు, తన ఎంఎఫ్‌నూ లో చేసి కిందికి పంపుతుంది. అందుకే చివరి చిప్ ఎంఎఫ్ ఒక్కటి చూస్తే చాలు, మొత్తం మీద మ్యాచ్ ఉందో లేదో తెలుస్తుంది.

వేగం_తక్కువ: గోపి చెప్పింది కరెక్టే, కానీ ఆ ఫ్లాగ్ కిందిదాకా పాకడానికి టైమ్ పడుతుంది. మా దగ్గర కంట్రోలర్ మార్చి స్పీడ్ పెంచాక గొడవ మొదలైంది. మొదటి చిప్‌లోనూ చివరి చిప్‌లోనూ మ్యాచ్ ఉన్నప్పుడు మాత్రమే చెత్త డేటా వచ్చేది. పైనుంచి కబురు అందేదాకా చివరి చిప్ తానే గెలిచాననుకుని బస్‌ను నడిపేస్తుంది మరి. మ్యాచ్ పైచిప్‌లో ఒక్కదానిలోనే ఉన్నా, తొందరపడి చివరి ఫ్లాగ్ చదివితే ‘లేదు’ అని వస్తుంది. ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ అదే అడ్రస్‌ను కొత్తదనుకుని మళ్లీ రాసేస్తుంది. మీరడిగిన డూప్లికేట్లు చాలాసార్లు పుట్టేది ఇలాగే.

ఎఫ్‌పీజీఏ_సుబ్బు: చిప్‌లు నాలుగు దాటితే గొలుసు పెట్టడం నాకు ఇష్టం ఉండదు. అన్ని ఎంఎఫ్‌లనూ ఒక పాల్ (మనకు కావలసిన లాజిక్ పెట్టుకునే చిప్) లోకి తెచ్చి, ‘నా పైవాళ్లలో ఎవరికైనా మ్యాచ్ ఉందా’ అనే లెక్క ప్రతి చిప్‌కీ నేరుగా ఇస్తే సరి. ఎన్ని చిప్‌లున్నా ఆలస్యం ఒక పాల్ అంతే. పిన్నులు ఎక్కువ కావాలి, అంతే.

రూటింగ్_రమ: మ్యాక్ టేబుల్‌కు ఎవరు గెలిచినా పెద్ద తేడా లేదు, డూప్లికేట్ లేకపోతే చాలు. మా టీక్యామ్‌లో (కొన్ని బిట్లు ఏవైనా సరే అని చెప్పగలిగే క్యామ్) అలా కాదు. 10.1.2.3 వెతికితే 10.0.0.0/8, 10.1.0.0/16 రెండూ మ్యాచ్ అవుతాయి, గెలవాల్సింది /16, అంటే మొదటి 16 బిట్లు కలవాల్సిన పొడవైన ప్రిఫిక్స్. చిప్‌కు ప్రిఫిక్స్ పొడవంటే ఏమిటో తెలియదు, దానికి తెలిసింది ఎంట్రీ ఉన్న వరస అడ్రస్ ఒక్కటే. కాబట్టి పొడవైనవి పైన, పొట్టివి కింద పేర్చే బాధ్యత మనది. మధ్యలో ఒకటి దూర్చాలంటే అన్నీ జరపక్కర్లేదు, ఒక్కో పొడవు గుంపు నుంచి ఒక్కోటి కిందికి మార్చితే చాలు. ఖాళీ అడుగున ఉంటే ఐపీవీ4కి ఎంత చెడ్డా 32కు మించవు. ముందు కాపీ చేసి తరువాత పాతది తీసెయ్యండి, లేకపోతే ఆ సందులో ప్యాకెట్లు దారి తప్పుతాయి.

గేట్లగోపి: పాతబోర్డు గారూ, రాసేటప్పుడు కూడా ఇలాంటి గొలుసే ఉంటుంది, ఎఫ్‌ఐ (ఫుల్ ఇన్‌పుట్), ఎఫ్‌ఎఫ్ (ఫుల్ ఫ్లాగ్) పిన్నులతో. పైచిప్ నిండితేనే కిందిది కొత్త ఎంట్రీ తీసుకుంటుంది. అందుకే మొదటి చిప్‌లో ఎఫ్‌ఐని లోకి, ఎంఐని హైకి కట్టాలి. ఒకదానికి ‘పైవాళ్లు నిండారు’ అని, రెండోదానికి ‘పైన మ్యాచ్ లేదు’ అని చెప్పాలి కదా. మీది ఒకసారి కొలవండి.

పాతబోర్డు: కొలిచాను. ఇదివరకు ఎవరో రిపేరు చేస్తూ రెండు పిన్నులనూ కలిపి గ్రౌండ్‌కు సోల్డర్ చేశారు. ఎంఐని విడదీసి పుల్అప్ (హైకి లాగే రెసిస్టర్) పెట్టాను, ఇప్పుడు లేని అడ్రస్‌కు లేదనే చెబుతోంది. నాలుగో చిప్ ఎంఎఫ్ దగ్గర స్కోప్ పెట్టి ఆలస్యం కూడా చూస్తాను, ఈ బోర్డుకు కంట్రోలర్ మార్చినట్టే కనిపిస్తోంది.