105 జీవాల యూనిట్, రెండో విడత తనిఖీ: చెవి బిళ్లలు ఊడినవాటి సంగతేంది?

పర్వతగిరి పోరడు:

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది పర్వతగిరి మండలం, కురుమోళ్లం. తాత, నాయన నల్లగొర్లు కాసిండ్రు. నేను డిగ్రీ సదివి, హైదరాబాద్‌ల మూడేండ్లు డెలివరీ బండి నడిపి, మల్ల తిరిగి ఆ మందకాడికే వచ్చిన. కాకపోతే ఈసారి లోన్‌తోని.

నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ కింద 100 గొర్లు, 5 పొట్టేళ్లు. మొత్తం 20 లక్షల ప్రాజెక్టు. 2 లక్షలు మేం పెట్టినం, 8 లక్షలు బ్యాంకు లోన్, 10 లక్షలు సబ్సిడీ. సబ్సిడీ రెండు విడతల్ల ఇస్తరు. మొదటి 5 లక్షలు పడ్డయ్. రెండో 5 లక్షలు పడాలంటే డాక్టరు, బ్యాంకు సార్లు వచ్చి షెడ్డు, గడ్డి, జీవాలు అన్నీ చూసి, ఫొటోలు తీసి, పని పూర్తయిందని రాయాలె. మొన్న ఫోన్ వచ్చింది, పది పదిహేను రోజులల్ల వస్తమన్నరు.

ఇగ నా బాధ. జీవాలను కనిగిరి దిక్కు నుంచి తెచ్చినం, నెల్లూరు జోడిపి జాతియి. దిగిన నెలకే వానలు పడ్డయ్, లేత గడ్డి మొలిచింది, చిటుకు రోగం వచ్చి నాలుగు పోయినయ్. పొద్దుగాల ఎగురుకుంట మేతకు పోయిన గొర్రె పగటీలికి కాళ్లు కొట్టుకుంట పడిపోయింది. తర్వాత ఒకదాన్ని కుక్కలు పట్టినయ్. రెండు ఈనలేక సచ్చినయ్. మొత్తం ఏడు. ఇప్పుడు మందల 95 ఉన్నయ్. అండ్ల 11 గొర్లకు నంబరు ఉండే చెవి బిళ్లలు లెవ్వు. షెడ్డు సుట్టూ కొట్టిచ్చిన జాలిలకెల్లి తల బయటపెట్టి గడ్డి అందుకుంటయ్, ఎనుకకు గుంజుకునేటప్పుడు బిళ్ల జాలికే ఉంటది.

పిల్లలు మాత్రం 43 ఉన్నయ్, అన్నీ పాలు తాగేటియే. పిల్లలను కలిపితే లెక్క 105 దాటుతది గదా? ఒప్పుకుంటరా? ఎరుక ఉన్నోళ్లు జెర చెప్పుర్రి. రాత్రి నిద్ర పడతలేదు.

హన్మకొండ బాద్‌షా:

బ్రో, గింత దానికి టెన్షన్ ఎందుకు. మీ మామోళ్ల మందకెల్లి పది తోలుకొచ్చి కలుపు. వచ్చేది ఒక్క పూట. సార్లకు గొర్రెల మొఖాలు గుర్తుంటయా ఏంది? మా దిక్కు ఒకాయన అట్లనే చేసిండు, ఏం కాలే.

గొంగడి మామ:

బాద్‌షా, నువ్వు జర ఆగు. ఆ పిల్లగాడు 8 లక్షల లోన్ల ఉన్నడు, నువ్వు కాదు.

తమ్మీ, నేను 2017ల వచ్చిన 20 ప్లస్ 1 పథకం (20 గొర్లు, 1 పొట్టేలు) గొర్లు తీసుకున్నోన్ని. యూనిట్ 1,25,000, మన వాటా 31,250 కట్టినం. అప్పుడు ఏమైందో ఊరూరికి ఎరుకే. లారీ దిగిన గొర్లు కొన్ని ఊళ్లల్ల వారం కూడ ఉండలే, మల్ల లారీ ఎక్కినయ్, ఇంకో ఊళ్ల ఇంకో పేరు మీద దిగినయ్. ఎనుక కాగ్ ఆడిట్ల గొర్లు మోసిన బండ్ల నంబర్లు తీస్తే అండ్ల బైకులు, అంబులెన్సులు ఎల్లినయ్. గొర్రె బైకు మీద ఎట్ల కూసుంటదో నాకైతే సమజ్ కాలే. 2024ల ఏసీబీ కేసులు, అరెస్టులు. అప్పటి సంది మన జీవాల కాడికి వచ్చే ఏ సారైనా ముందుగాల అనుమానంతోనే వస్తడు. ఆయన తప్పు కాదు. సంతకం పెట్టినంక రేపు ఆయన మెడకే సుట్టుకుంటది.

గొర్రె మొఖం సారుకు గుర్తుండదు, నిజమే. బిళ్ల నంబరు మాత్రం ఉంటది. నీకు కొన్నప్పుడు ఇచ్చిన లిస్టు చేతుల పట్టుకొని వస్తరు. మామ మంద గొర్రె చెవికి మామ నంబరు ఉంటది, లేకుంటే ఉత్త చెవి ఉంటది. 11 ఉత్త చెవులు కాస్తా 21 అయితయ్. మామ గొర్రె నీ మందల కలవదు కూడ, ఒక మూలకు పోయి అరుసుకుంట నిలబడతది. గొర్లను కాసినోడు ఎవడైనా ఉంటే దూరంకెల్లే పసిగడతడు.

నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. నాయి ఆరు సచ్చినయ్. వాసన వస్తుందని, మంచిగుండదని, ఆ పూటనే బొంద తీసి బిళ్లలతో సహా పూడ్చిపెట్టిన. ఇన్సూరెన్స్ అడిగితే బిళ్ల చూపెట్టుమన్నరు. బొంద తవ్వమంటరా అని అడిగిన. నవ్విండ్రు గని పైసలు రాలే.

ఒక్క మాట అడుగుత. 105ల ఏడు పోతే 98. నువ్వు 95 అంటున్నవ్. కడమ మూడు ఏడికి పోయినయ్?

పాత వెటర్నరీ అసిస్టెంట్:

గొంగడి మామ చెప్పింది సరిగ్గా ఉంది. నేను ఈ శాఖలో ముప్పై ఏండ్లు పనిచేసి రిటైరయ్యాను, కొన్ని విషయాలు కలుపుతాను.

పిల్లలు యూనిట్ లెక్కలోకి రావు. అయితే దాచవద్దు. 43 పిల్లలున్నాయంటే మంద బాగా సాగుతోందని అర్థం, అది మీకు మంచిదే. రిజిస్టర్‌లో వాటికి వేరే పేజీ పెట్టండి: తల్లి నంబరు, ఈనిన తేదీ, ఆడదా మగదా. తనిఖీ ముందురోజు రాత్రే పిల్లలను వేరు దొడ్లో వేయండి. కలిసి ఉంటే మూడుసార్లు లెక్కపెట్టినా మూడు లెక్కలు వస్తాయి.

ఊడిన బిళ్లల గురించి మీ మండల పశువైద్యశాలకు ఇప్పుడే రాతపూర్వకంగా చెప్పి, కొత్తవి వేయించండి. పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కన రాసి డాక్టరు గారి సంతకం తీసుకోండి. ఇన్సూరెన్స్ ఉంటే ఆ కంపెనీకి కూడా కొత్త నంబర్లు పంపాలి. లేకపోతే రేపు ఆ గొర్రె చనిపోయినా వాళ్ల దృష్టిలో అది మీ గొర్రె కాదు.

బిళ్ల ఊడటానికి జాలి ఒక కారణం, వేసే చోటు ఇంకో కారణం. చెవిలో రెండు గట్టి నరాల్లాంటి గీతలుంటాయి. వాటి మధ్యలో, తల వైపుకు వేయాలి. చాలామంది తొందరలో చెవి కొసకు వేస్తారు, అది చిరిగి పోతుంది. వానాకాలంలో వేస్తే ఈగలు వాలి పుండులో పురుగులు పడతాయి, టర్పెంటైన్ నూనె దగ్గర పెట్టుకోండి.

చనిపోయిన గొర్రె చెవి కోసి దాచిపెట్టమని కొందరు చెబుతారు. డాక్టరు చూడకముందు కోయవద్దు. ముందు బిళ్ల నంబరు, గొర్రె మొత్తం కనబడేలా ఫొటో తీయండి, పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి, పోస్టుమార్టం కాగితం తీసుకోండి, ఆ తర్వాతే బిళ్ల.

ఇంకొకటి. ఇన్సూరెన్స్ ప్రీమియం భారం ఇప్పుడు తక్కువే. 2024 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధన మార్చింది, రైతు వాటా 15 శాతం, మిగతాది కేంద్రం, రాష్ట్రం భరిస్తాయి. పది గొర్రెలను ఒక పశు యూనిట్‌గా లెక్కగట్టి ఒక్కొక్కరికి పది యూనిట్ల దాకా, అంటే వంద గొర్రెల దాకా ఇస్తారు. చిటుకు టీకా వానలకు ముందే, మే జూన్‌లో పడాలి. మీకు ఆ నాలుగు పోయింది అక్కడే.

పర్వతగిరి పోరడు:

మామా, దొరికిపోయిన.

మా కులదేవుడు బీరప్ప పండుగకు నాయన ఒక పొట్టేలును కోసిండు. నేను ఆ రోజు వరంగల్ల బ్యాంకుకు పోయిన. వచ్చేసరికి పొయ్యి మీద ఉడుకుతుంది. "ఇది లోన్ పొట్టేలే నాయనా, మనది కాదు" అంటే "బీరప్పకు లోన్ ఉంటదారా" అన్నడు. ఏమంట? రెండు గొర్లను మేడారం జాతర ముందట అమ్మ అమ్మింది, చెల్లె ఫీజుకు. ధర మంచిగ వచ్చింది, గది మాత్రం నిజం.

సచ్చిన ఏడింటిల చిటుకు రోగంతో పోయిన నాలుగింటికి పోస్టుమార్టం కాగితాలున్నయ్, 1962 బండి వచ్చింది. కుక్కలు పట్టినదానికి ఫోన్ల ఫొటో ఉంది, బిళ్ల కనబడతది. ఈనలేక పోయిన రెండింటికి ఏం లెవ్వు. అర్ధరాత్రి సచ్చినయ్, తెల్లారెసరికి నాయన పూడ్చిపెట్టిండు. ఈ మూడు, ఆ రెండు ఎట్ల?

గొంగడి మామ:

బీరప్పకు ఉండదు తమ్మీ, బ్యాంకుకు ఉంటది. మీ నాయనను ఏమనకు.

ఆ మూడు సచ్చినయని మాత్రం రాయకు. సచ్చినయని రాస్తే కాగితం అడుగుతరు, కాగితం కోసం ఇంకో అబద్ధం ఆడాలె. నీ పైసలతో మూడు కొను, అమ్మినోని చేతి రశీదు తీసుకో, బిళ్ల వేయించు, రిజిస్టర్ల "బదులు కొన్నవి" అని రాయి. ఈనలేక పోయిన రెండింటికి కాగితం లేదని చెప్పు. ఎవని మందల సావులు ఉండయ్? వంద గొర్లల్ల ఒక్కటి కూడ సావలేదని అంటేనే అనుమానం.

నల్లబెల్లి అక్క:

నాది మేకల యూనిట్, తనిఖీ అయిపోయింది. మీరందరు చెవుల కాడనే ఆగిండ్రు, నన్ను మాత్రం గడ్డి కాడ పట్టిండ్రు.

గడ్డి ఏ సర్వే నంబర్ల ఉంది, పట్టా ఎవరి పేరు మీద ఉంది అని అడిగిండ్రు. మా ఆయన పేరు మీద ఉంది, యూనిట్ నా పేరు మీద. ఇద్దరం ఒకే ఇంట్ల ఉంటమయ్యా అంటే కాగితంల మీరు ఇద్దరు వేరు వేరు అన్నరు. కౌలు కాగితం రాసుకునే దాక ఫైలు కదలలే. మా ఆయనకు నేను కౌలు రైతును అయిన, ఇప్పటికీ పొద్దుపోకుంటే కౌలు పైసలు అడుగుతడు.

రిజిస్టర్ అంటే పెద్దది కొనకు. నాది మా బిడ్డ లెక్కల నోట్‌బుక్కు. బిళ్ల నంబరు, రోగం, టీకా, ఈనింది, అమ్మింది, సచ్చింది, అన్నీ అండ్లనే. ఒకే పెన్నుతో ఒకే రోజు కూసోని రాయకు, సార్లకు సిరా చూస్తేనే తెలుస్తది. నీళ్ల తొట్టి కడుగు, పాచి ఉంటే దాన్ని కూడ రాస్తరు. పథకం పేరుతోని బోర్డు పెట్టు.

హన్మకొండ బాద్‌షా:

సరే సరే, నేను ఏమన్లే. మా ఊరాయన సంగతి మల్ల అడిగిన, ఆయన రెండో విడత ఇంకా పడలేదట.

పర్వతగిరి పోరడు:

అందరికీ దండాలు. నిన్న అయిపోయింది, రాసి పెడుతున్న.

పొద్దుగాల ఏడింటికి వస్తమని పదకొండున్నరకు వచ్చిండ్రు. డాక్టరు సారు, బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరు. అప్పటిదాక మందను మేతకు ఇడువలే. పిల్లలను రాత్రే వేరు దొడ్ల వేసిన గదా, ఇటు తల్లులు, అటు పిల్లలు, ఒకటే అరుపులు. మా గల్లీల ఎవరు నిద్రపోలే. ఎదురింటి పెద్దమ్మ వచ్చి "గొర్లను కోస్తున్నవారా" అని అడిగింది.

రెండు తడకలు అడ్డం పెట్టి సందు చేసినం, ఒక్కొక్కటే ఎల్లేటట్టు. డాక్టరు సారు చెవి పట్టి నంబరు చదివిండు, బ్యాంకు సారు లిస్టుల టిక్కు పెట్టిండు, నేను వీపు మీద రంగు వేసిన. గంటన్నర పట్టింది. 93 గొర్లు, 4 పొట్టేళ్లు. నేను బదులు రెండు గొర్లను కొనగలిగిన, పొట్టేలు దొరకలే. ఆ సంగతి వాళ్లు అడుగక ముందే చెప్పిన. నాయన కూడ పక్కన నిలబడి "పండుగకు కోసిన సారూ" అన్నడు. డాక్టరు సారు మూతి బిగబట్టుకున్నడు గని నవ్వొచ్చింది ఆయనకు.

చిటుకు రోగం నాలుగు ఒప్పుకున్నరు. కుక్కలు పట్టినదాన్ని ఫోన్ల ఫొటో చూసి రాసుకున్నరు, తేదీ పడి ఉండె. ఈనలేక పోయినవాటి కాడ "ఆధారం లేదు" అని రాసిండ్రు. ఆ రెండు, ఒక పొట్టేలు నెల రోజులల్ల తెచ్చి బిళ్లలు వేయించి ఫొటో పంపుమన్నరు, అప్పుడు రిపోర్టు పైకి పంపుతరట. కొత్త బిళ్లల కాగితం బాగ పనికొచ్చింది.

అక్కా, నువ్వు అన్నట్టే గడ్డి కాడ పట్టిండ్రు. నేపియర్ గడ్డి వేసిన ఎకరం మా చిన్నాయన పేరు మీద ఉంది. నీ మాట చదివి ముందురోజే కౌలు కాగితం రాయించిన, లేకుంటే అయిపోతుండె. చిన్నాయన సంతకానికి రెండు కోళ్లు అడిగిండు.

జాలిని లోపలిదిక్కు తడకలతోని మూసిన. వారం నుంచి ఒక్క బిళ్ల ఊడలే.

ఇప్పుడు పొట్టేలు కావాలె. నెల్లూరు జోడిపి, రెండు పండ్లు ఎల్లిన వయసుది, ఎవరికాడన్న ఉంటే చెప్పుర్రి. అంగడిల అడిగే ధర నాతోని కాదు.

నల్లబెల్లి అక్క:

మా మరిది కాడ ఒకటుంది. రెండు పండ్లు అంటడు, నాకైతే నాలుగు అనిపిస్తది. నువ్వే వచ్చి నోరు తెరిచి చూడు.

పర్వతగిరి పోరడు:

ఆదివారం వస్త అక్కా. దానికి బిళ్ల ఉందా?

నల్లబెల్లి అక్క:

ఉంది. కుడి చెవికి. మధ్యల వేసిండ్రు, కొసకు కాదు.